మా కంప్యూటర్‌కి 65,261 డిగ్రీల జ్వరం

జూన్‌లో కాలేజీ తెరిచిన మొదటి వారం. క్లబ్బు గదిలో పాత డెస్క్‌టాప్ ముందు నలుగురం నిలబడి, ఆసుపత్రిలో రిపోర్టు చేతికొచ్చిన బంధువుల్లా ఒకరి మొహాలు ఒకరం చూసుకుంటున్నాం. తెర మీద ఎర్రటి అక్షరాలు. ఒక చోట 127 డిగ్రీలు. ఇంకో చోట ఫ్యాన్ వేగం సున్నా. నాలుగు వరసల పక్కన 'అలారం'. అన్నిటికంటే కింద, ఎస్ఎస్‌డీకి సంబంధించిన వరసలో ఒక అంకె: 65,261.8 డిగ్రీలు.

"సూర్యుడి ఉపరితలమే ఐదున్నర వేల డిగ్రీలు మామా. మన డబ్బా దానికి పది రెట్లు పైనే ఉంది," అన్నాడు మా రూమ్మేట్.

నవ్వాం గానీ లోపల గుబులే. మన పత్రిక పాత సంచికల పేజీలన్నీ ఆ డబ్బాలోనే ఉన్నాయి. పాసై వెళ్లిపోతూ ఒక సీనియర్ అన్న క్లబ్బుకి వదిలేసిన మెషీన్ అది. బ్యాకప్ సంగతి అంటారా, "ఈ సంచిక అవగానే తీద్దాం" అని ప్రతి సంచికకీ అనుకున్నాం.

దాన్లో మొన్నటిదాకా ఉబుంటు 18.04 ఉండేది. దాని మామూలు సపోర్టు 2023 మే నెలాఖరుతోనే అయిపోయింది. సెలవులు అవగానే కూర్చుని, మధ్యలో 20.04 మీదుగా, 22.04కి అప్‌గ్రేడ్ చేశాం. తర్వాత మా రూమ్మేట్ ఉత్సాహం కొద్దీ సెన్సార్లన్నీ వెతికి పట్టే 'సెన్సార్స్-డిటెక్ట్' ప్రోగ్రామ్ నడిపి, అది అడిగిన ప్రతి ప్రశ్నకీ చదవకుండా 'ఎస్' కొట్టాడు. అంతే, తెర ఎర్రబడింది. ఫొటో తీసి బయట రిపేర్ షాపాయనకి పంపితే, "మదర్‌బోర్డు పోయింది తమ్ముడూ, మార్చాల్సిందే" అన్నాడు. ఆయన్ని అనడానికేం లేదు. మేం పంపిన ఫొటో అలాంటిది.

మదర్‌బోర్డు పోలేదు. ఆ ఎర్ర అక్షరాల్లో దాదాపు అన్నీ అబద్ధాలు. కానీ వాటి మధ్యలో, ఏ ఎరుపూ లేకుండా, ఒక నిజమైన ప్రమాదం కూర్చుని ఉంది. దాన్ని పట్టుకోడానికి మాకు మూడు రోజులు పట్టింది. మీకు మూడు గంటల్లో అయిపోవాలని ఇది రాస్తున్నా.

ముందు బ్యాకప్, తర్వాతే వైద్యం

మేం చేసిన మొదటి మంచి పని ఇదొక్కటే. ఏ హెచ్చరిక నిజమో, ఏది కాదో తేల్చే ముందే ఎక్స్‌టర్నల్ డిస్క్ పెట్టి పాత సంచికలన్నీ కాపీ చేశాం. నిజంగా ఏదో పోతోందేమో అన్న అనుమానం ఉన్నప్పుడు, పరీక్షల పేరుతో మెషీన్‌ని పరిగెత్తించక ముందే డేటా బయటికి తీసేయాలి. వేడి అనుమానం ఉంటే కాపీ చేసేంతసేపూ వేరే పని పెట్టకండి.

బియ్యం మారలేదు, కొలిచేవాడు మారాడు

అప్‌గ్రేడ్ చేస్తే హార్డ్‌వేర్ మారదు కదా, మరి కొత్త హెచ్చరికలు ఎక్కణ్ణించి వచ్చాయి?

సెన్సార్ చిప్‌కి డిగ్రీలు, వోల్టులు తెలియవు. దానికి తెలిసింది ఒక అంకె, అంతే. ఆ అంకెని కెర్నెల్‌లోని డ్రైవర్ చదువుతుంది. దానికో ప్రమాణం తగిలించి ఒక ఫైల్‌లో పెడుతుంది. లినక్స్‌లో ఉష్ణోగ్రతలన్నీ డిగ్రీలో వెయ్యో వంతు లెక్కన ఉంటాయి. ఫైల్‌లో 41850 అని ఉంటే 41.85 డిగ్రీలు అన్నమాట. దాన్ని 'సెన్సార్స్' లాంటి ప్రోగ్రామ్ మనకి అర్థమయ్యేలా చూపిస్తుంది. అంటే వేడికీ మన కంటికీ మధ్య కనీసం ఇద్దరు దుబాసీలు ఉన్నారు. అప్‌గ్రేడ్‌లో మారేది ఆ దుబాసీలే.

మా అమ్మమ్మ బియ్యం కొలిచేటప్పుడు ఒక కుంచం అనొచ్చు, నాలుగు మానికలు అనొచ్చు, ఎనిమిది తవ్వలు అనొచ్చు. రాశి అదే. పక్కన ఏ కొలతో చెప్పకుండా "ఎనిమిది" అని మాత్రం అరిస్తే వినేవాడు కంగారుపడతాడు. మా తెర మీద జరిగింది అదే. ఒక్కో అంకెనీ పట్టుకుని "నువ్వు ఏ కొలతవి?" అని అడగడం మొదలుపెట్టాం.

ఒక్కో అలారం, ఒక్కో కథ

*65,261.8 డిగ్రీలు.* ముందు అందరికీ కుతూహలంగా ఉన్నదాన్నే చూద్దాం. ఎన్‌వీఎంఈ రకం ఎస్ఎస్‌డీలు తమ ఉష్ణోగ్రతని కెల్విన్‌లలో, 16 బిట్ల అంకెగా చెబుతాయి. ఆ వరసలో అసలు రీడింగ్ 41.9. పక్కన బ్రాకెట్లో కనీస హద్దు మైనస్ 273.1, గరిష్ఠ హద్దు 65,261.8. 16 బిట్లలో పట్టే అతి పెద్ద అంకె 65,535. దాన్నుంచి 273.15 తీసేయండి, 65,261.85 వస్తుంది. అలాగే సున్నా కెల్విన్ అంటే మైనస్ 273.15. అంటే ఆ రెండూ ఉష్ణోగ్రతలు కావు. "ఇక్కడ ఎవరూ హద్దు పెట్టలేదు" అన్న మాటని డ్రైవర్ నిజాయితీగా సెల్సియస్‌లోకి మార్చి పెట్టింది. మేమేమో హద్దుని రీడింగ్ అనుకున్నాం.

మరి ఇన్నాళ్లూ ఇది ఎందుకు కనపడలేదు? ఎన్‌వీఎంఈ ఉష్ణోగ్రతల్ని ఇలా చూపించే సదుపాయం కెర్నెల్ 5.5లో వచ్చింది. మా పాత కెర్నెల్ 4.15, కొత్తది 5.15. సాటా డిస్కుల ఉష్ణోగ్రత చూపించే 'డ్రైవ్‌టెంప్' కూడా 5.6లో వచ్చిందే. కొత్తగా కనిపించేది కొత్తగా పుట్టింది కానక్కర్లేదు.

*127 డిగ్రీలు.* 8 బిట్లలో, గుర్తుతో సహా రాయగలిగే అంకెలు మైనస్ 128 నుంచి 127 దాకా. సరిగ్గా ఆ కొసల దగ్గర రీడింగ్ కనపడితే ముందు అనుమానించాల్సింది వేడిని కాదు, తీగని. మదర్‌బోర్డు మీద ఉండే మానిటరింగ్ చిప్‌కి మూడు నాలుగు ఉష్ణోగ్రత కాళ్లుంటాయి. బోర్డు తయారుచేసినవాళ్లు అన్నిటికీ థర్మిస్టర్ పెట్టరు. దేనికీ కలపని కాలు ఏదో ఒక కొసకి అతుక్కుని ఉంటుంది, లేదా అర్థంలేని అంకె చూపిస్తుంది.

*వోల్టేజి అలారంలు.* ఒక వరసలో 1.008 వోల్టులు, కనీసం సున్నా, గరిష్ఠం సున్నా, పక్కన అలారం. హద్దు సున్నా అయితే ఏ వోల్టేజి అయినా హద్దు దాటినట్టే కదా! చిప్ తన పని తాను చేసింది. హద్దులు పెట్టాల్సినవాళ్లు పెట్టలేదు.

అసలు ఆ 1.008 ఏంటి? ఈ చిప్‌లు నేరుగా 12 వోల్టుల్ని కొలవలేవు. కొన్ని 2 వోల్టుల దాకా, కొన్ని 4 వోల్టుల దాకా మాత్రమే కొలుస్తాయి. అందుకే బోర్డు మీద రెండు రెసిస్టర్లతో వోల్టేజిని భాగించి చిప్‌కి ఇస్తారు. ఫస్టియర్‌లో మనం లెక్కలు చేసి మర్చిపోయిన వోల్టేజి డివైడరే. ఎంతకి భాగించారో బోర్డు చేసినవాళ్లకి తెలుసు, లినక్స్‌కి తెలీదు. బయోస్‌లోకి వెళ్లి చూస్తే అక్కడ 12 వోల్టుల లైను 12.096 అని ఉంది. 1.008ని పన్నెండుతో హెచ్చిస్తే సరిగ్గా అదే. ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం 12 వోల్టుల లైను ఐదు శాతం అటూ ఇటూ ఉండొచ్చు, అంటే 11.4 నుంచి 12.6 దాకా. మనది నిక్షేపంగా ఉంది.

*ఫ్యాన్ సున్నా.* బోర్డు మీద ఫ్యాన్ పెట్టుకునే చోట్లు నాలుగు, మా డబ్బాలో ఫ్యాన్లు రెండు. మిగిలిన రెండూ సున్నా చూపించక ఏం చేస్తాయి? డబ్బా తెరిచి కళ్లతో చూసి లెక్క సరిపోల్చుకున్నాం. ఇంకో మాట. మామూలు కంప్యూటర్ ఫ్యాన్ ఒక చుట్టుకి రెండు పల్స్‌లు పంపుతుంది. ఆ లెక్క డ్రైవర్ తప్పుగా అనుకుంటే వేగం రెట్టింపు గానో సగం గానో కనిపిస్తుంది. సరిగ్గా రెట్టింపు, సరిగ్గా సగం అయితే తప్పు ఫ్యాన్‌ది కాకపోవచ్చు.

*27.8 డిగ్రీలు.* ఇది ఎర్రగా లేదు, ముద్దుగా పచ్చగా ఉంది. ఏసీపీఐ పేరుతో బయోస్ చెప్పే ఉష్ణోగ్రత అది. ఆ రోజు క్లబ్బు గదిలో గోడ థర్మామీటర్ 36 చూపిస్తోంది. ఫ్యాన్ గాలితో చల్లబడే ఏ భాగమూ గది గాలి కంటే చల్లగా ఉండటం కుదరదు. పైగా పొద్దున చూసినా, సాయంత్రం చూసినా అదే 27.8. కొన్ని బోర్డుల్లో బయోస్ ఇలా కొలవకుండానే ఒక స్థిరమైన అంకె చెప్పేస్తుంది. అబద్ధపు అలారం ఉన్నట్టే అబద్ధపు క్షేమసమాచారం కూడా ఉంటుందని మాకు మొదటిసారి అనిపించింది ఇక్కడే.

అసలు పులి

ఇక్కడికి వచ్చేసరికి మాకు ధైర్యం వచ్చేసింది. "అన్నీ డమ్మీ అలారంలే, ఆ ప్రోగ్రామే తీసేద్దాం" అన్నాడు రూమ్మేట్. నేనూ సరే అన్నాను. అప్పుడు మా జూనియర్ ఒకడు నెమ్మదిగా అడిగాడు: "అన్నా, మరి పీడీఎఫ్ చేసేటప్పుడు ఎందుకు అంత స్లో అవుతోంది?"

కొత్త ఓఎస్ బరువు ఎక్కువ, అందుకే అనుకున్నాం మేమంతా. వాడు మాత్రం ఒప్పుకోలేదు.

తెర మూలన ప్రాసెసర్ ఉష్ణోగ్రత చూపించే చిన్న స్క్రిప్టు ఒకటి ఉంది, సీనియర్ అన్న రాసిందే. 90 దాటితే గోల చేస్తుంది. అది పీడీఎఫ్ నడుస్తున్నప్పుడు కూడా ప్రశాంతంగా 42 అంటోంది. స్క్రిప్టు తెరిచి చూస్తే విషయం తెలిసింది. లినక్స్‌లో ఒక్కో సెన్సార్‌కి హెచ్‌డబ్ల్యూమాన్ 0, 1, 2 అని ఫోల్డర్లు ఉంటాయి. డ్రైవర్లు ఏ వరసలో లోడ్ అయితే ఆ వరసలో ఆ నంబర్లు పడతాయి. అవి ఎప్పటికీ అలాగే ఉంటాయన్న హామీ లేదు. అన్న స్క్రిప్టులో నేరుగా 1 అని రాసుకున్నాడు. పాత కెర్నెల్‌లో ఆ ఒకటి ప్రాసెసర్. కొత్త కెర్నెల్‌లో ఎన్‌వీఎంఈ కూడా జాబితాలో చేరి నంబర్లు జరిగాయి. ఇప్పుడు ఆ ఒకటి ఎస్ఎస్‌డీ! కాపలావాడు నిద్రపోలేదు, వేరే ఇంటి గుమ్మం ముందు నిలబడ్డాడు.

అసలు ప్రాసెసర్ వరస ఎక్కడుందో పేరు చూసి వెతికాం. 96 డిగ్రీలు.

దీన్నీ అడగాలి కదా, నువ్వు ఏ కొలతవని. ఇంటెల్ ప్రాసెసర్ల లోపలి సెన్సార్ నేరుగా ఉష్ణోగ్రత చెప్పదు, గరిష్ఠ హద్దుకి ఇంకా ఎంత దూరంలో ఉన్నానో చెబుతుంది. 'కోర్‌టెంప్' డ్రైవర్ ఆ దూరాన్ని హద్దులోంచి తీసేసి మనకి చూపిస్తుంది. మా ప్రాసెసర్ హద్దు 100. అంటే ఇంకో నాలుగు మెట్లు. రెండో సాక్షి కోసం థ్రాటిల్ లెక్క చూశాం. వేడి హద్దు తగిలి వేగం తగ్గించుకున్న ప్రతిసారీ కెర్నెల్ ఆ లెక్క పెంచుతూ ఉంటుంది. పీడీఎఫ్ మొదలుపెట్టాక మా కళ్ల ముందే అది పెరుగుతూ పోయింది. స్లో అవడానికి కారణం దొరికింది. ఓఎస్ బరువు కాదు, ప్రాసెసర్ కాలిపోకుండా తనని తాను కాపాడుకుంటోంది.

కాకి వాలింది, తాటిపండు పడింది

"చూశావా, అప్‌గ్రేడ్ వల్లే వేడెక్కింది" అన్నారు వెంటనే. తెలుగు క్లబ్బులో ఉండి కాకతాళీయం అన్న మాట మర్చిపోతే ఎలా? కాకి వాలడం, తాటిపండు పడటం ఒకేసారి జరిగాయని పండు కాకి వల్లే పడిందనలేం. పరీక్షించాలి.

అదృష్టవశాత్తూ పాత 18.04 ఉన్న పెన్‌డ్రైవ్ సొరుగులో దొరికింది. దాంతో బూట్ చేసి, ప్రాసెసర్‌కి అంతే పని పెట్టి, ఫైల్‌లోంచి నేరుగా అంకె చదివాం. 95. ఓఎస్ ఏదైనా వేడి అదే. అప్పుడు డబ్బా తెరిచాం. సెలవుల్లో క్లబ్బు గది గోడలు గీకి సున్నాలు వేశారు. డబ్బాకి ఎవరూ గుడ్డ కప్పలేదు. హీట్‌సింక్ రేకుల మధ్య తెల్లటి దుమ్ము పేరుకుపోయి పిండి వడియంలా గట్టిపడింది. దాని కింద ప్రాసెసర్ మీది థర్మల్ పేస్టు ఎండి బీటలు వారింది.

ప్లగ్ పీకేసి, డబ్బా లోహాన్ని ఒకసారి ముట్టుకుని, ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకుని, బ్రష్‌తో దుమ్ము దులిపాం. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పాత పేస్టు తుడిచి, బఠాణీ గింజంత కొత్తది పెట్టాం. మొత్తం ఖర్చు పేస్టు ట్యూబుకి నూట యాభై రూపాయలు. మళ్లీ అదే సంచిక, అదే పీడీఎఫ్: 73 డిగ్రీలు. థ్రాటిల్ లెక్క కదలలేదు.

అలాగని అప్‌గ్రేడ్ వల్ల వేడి ఎప్పుడూ పెరగదనుకోకండి. కొత్త సిస్టమ్ మొదట్లో ఫైళ్లన్నీ ఇండెక్స్ చేసుకుంటూ ప్రాసెసర్‌కి పని పెట్టొచ్చు. ఫ్యాన్ వేగాన్ని నడిపే 'ఫ్యాన్‌కంట్రోల్' కూడా హెచ్‌డబ్ల్యూమాన్ నంబర్ల మీదే ఆధారపడుతుంది, అవి మారితే కాన్ఫిగరేషన్ పాతబడిందని చెప్పి మొదలవ్వడానికే నిరాకరించొచ్చు. అది వాడుతుంటే అప్‌గ్రేడ్ తర్వాత తప్పకుండా చూసుకోండి.

మీకు ఇలాగే అయితే

ప్రతి అంకెనీ ఈ వరసలో అడగండి:

1. ఇది రీడింగా, హద్దా? బ్రాకెట్లో ఉన్నది సాధారణంగా హద్దు.
2. అంకెల కొసల దగ్గర ఉందా? 127, మైనస్ 128, 65,261.8 లాంటివి కనపడితే ముందు ఆ సెన్సార్ అసలు ఉందో లేదో చూడాలి.
3. కదులుతోందా? ప్రాసెసర్‌కి పని పెడితే దాని ఉష్ణోగ్రత సెకన్లలో పెరగాలి, ఆపితే తగ్గాలి. కదలనిది కొలత కాదు.
4. గది వేడి కంటే తక్కువ ఉందా? ఉంటే నమ్మకండి, ఎంత చల్లని కబురైనా సరే.
5. రెండో సాక్షి ఏమంటోంది? బయోస్, థ్రాటిల్ లెక్క, పాత ఓఎస్ ఉన్న పెన్‌డ్రైవ్, మీ కళ్లు, మీ చెవులు.

అబద్ధమని తేలిన అలారంలని తర్వాత పద్ధతిగా సర్దండి. మొత్తం ప్రోగ్రామ్ తీసేయకండి. సెన్సార్స్ కాన్ఫిగరేషన్ ఫైల్‌లో నాలుగు మాటలు చాలు: తీగ లేని కాలుకి 'ఇగ్నోర్', అర్థంకాని పేరుకి 'లేబుల్', భాగించిన వోల్టేజికి 'కంప్యూట్', సరైన హద్దులకి 'సెట్'. స్క్రిప్టుల్లో నంబర్ రాయకండి, ఫోల్డర్‌లోని 'నేమ్' ఫైల్ చదివి 'కోర్‌టెంప్' ఎక్కడుందో వెతికించండి. సెన్సార్స్-డిటెక్ట్ నడిపితే అన్నిటికీ 'ఎస్' కొట్టకుండా ఎంటర్ కొడుతూ వెళ్లండి, అది స్వయంగా ఎంచుకునే జవాబులే సురక్షితమైనవి.

ఇంకో జాగ్రత్త. సెన్సార్ కనపడకపోతే కెర్నెల్‌కి 'ఏసీపీఐ రిసోర్సుల విషయంలో పట్టించుకోకు' అని చెప్పే ఆప్షన్ పెట్టమని కొందరు సలహా ఇస్తారు. కెర్నెల్ ఆ చిప్‌ని వదిలేయడానికి కారణం, బయోస్ కూడా దాన్నే వాడుకుంటోందన్న అనుమానం. ఒక చిప్‌ని ఇద్దరు ఒకేసారి తడిమితే తప్పు రీడింగ్‌తో పోవచ్చు, ఫ్యాన్ సెట్టింగే చెడిపోనూ వచ్చు. రీడింగ్ కనపడాలన్న సరదా కోసం ఆ పని చేయకండి. విండోస్ వాడేవాళ్లకి ఫైళ్లూ కమాండ్లూ వేరు, పైన చెప్పిన ఐదు ప్రశ్నలు మాత్రం అవే.

చిన్నప్పుడు 'నాన్నా పులి' కథ విన్నప్పుడు తప్పంతా అబద్ధమాడిన పిల్లాడిదే అనుకున్నాం. పులి నిజంగా వచ్చిన రోజు పిల్లాడి మాట వినని నాన్న గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ రోజు క్లబ్బు గదిలో ప్రోగ్రామ్ తీసేద్దాం అన్నదాంట్లో నేనూ ఉన్నాను. జూనియర్ ఆ ఒక్క ప్రశ్న అడగకపోతే ఈ సంచిక పీడీఎఫ్ నడుస్తుండగానే ఏదో ఒక రోజు ఆ డబ్బా ఆగిపోయేదేమో.

ఆగలేదు. మీరు ఇప్పుడు చదువుతున్న ఈ పేజీ తయారైంది దాని మీదే. క్లబ్బు గదిలో ఇప్పుడు డబ్బా మీద కప్పడానికి ఒక పాత దుప్పటి మడత పెట్టి ఉంది. సున్నాలు వేసేటప్పుడు ప్లగ్ పీకేసి కప్పండి, మెషీన్ ఆన్‌లో ఉండగా మాత్రం కప్పకండి. బ్యాకప్ డిస్క్ రెండో సొరుగులో ఉంది. దాన్ని నెలకోసారి నింపే బాధ్యత ఆ జూనియర్‌కే ఇచ్చాం.